అన్నాచెల్లెళ్ల గట్టు

కరోనా వ్యాధి దేశమును చుట్టుముట్టిన 2020వ సంవత్సరమున, పిల్లలున్న ప్రతి యింటను ఒకటే పోరు: "ఎక్కడికైనా తీసుకు వెళ్లండి" అని. మార్చి 25వ తేదీన దేశమంతటను రాకపోకలు నిలిచిన పిదప బడులు లేవు, పెండ్లి పిలుపులు లేవు, ఇరుగుపొరుగుల పలకరింపులు లేవు. అమలాపురమున మా వీధి గుమ్మమే మాకు పొలిమేర యయ్యెను.

అక్టోబరు 15వ తేదీ మొదలు వినోదపు తోటలను తెరవవచ్చునని కేంద్ర ప్రభుత్వము అనుమతించెను. యంత్రపు ఉయ్యాలలును, రంగులరాట్నములును గల అట్టి పెద్ద తోటలకు మేము హైదరాబాదు పోవలసినదే. వార్త వినగానే పండ్రెండేండ్ల మా అబ్బాయి గంతులు వేసెను. కాని వార్త వెంట నియమములును వచ్చినవి. ముఖమునకు గుడ్డ, మనిషికిని మనిషికిని ఆరడుగుల ఎడము, ద్వారమున జ్వరపరీక్ష. ఇంతవరకు బాగుగనే యున్నది. అరువదియైదేండ్లు దాటిన పెద్దలును, పదేండ్లు నిండని పిల్లలును ఇంటిపట్టున నుండుట మేలని గూడ చెప్పిరి. మా అమ్మాయికి ఎనిమిదేండ్లు. మా అత్తగారికి డెబ్బది.

"పిల్లను నా దగ్గర ఉంచి, మీరు ముగ్గురూ వెళ్లి రండమ్మా" అని అత్తగారనిరి. ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమనెను. ఆ శ్రావణమాసముననే నరసాపురములో ఆమె అన్నగారు ఈ వ్యాధితోనే గతించిరి. కడచూపునకు పోవుటకు వీలు చిక్కలేదు. తోబుట్టువు పోయిన దుఃఖమును ఆమె తన గదిలో ఒంటిగా దిగమ్రింగుకొనిరి. అట్టి ఆమెను ఇంట విడిచి, మేము ఉయ్యాలలూగ పోవుటయా?

మా వారితో ఆలోచించితిని. వైద్యుని అడుగగా, జనసమ్మర్దమే ప్రమాదమనియు, సొంత బండిలో పోయి బయటి గాలిలో ఎడముగా మసలినచో భయము తక్కువ యనియు చెప్పెను. అంతట అంతర్వేది పోవ నిశ్చయించితిమి.

కార్తికమాసమున ఒకనాడు, సెలవు కాని దినము చూచుకొని, తెల్లవారుజామున బయలుదేరితిమి. దారిలో ఎక్కడను దిగి తినకుండుటకై పొట్టిక్కలు వండి తెచ్చితిని. పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్కను ఎవరి బుట్ట వారే విప్పుకొని తినవచ్చును. పళ్లెముతో పని లేదు, ఎంగిలి కలియదు. మన పూర్వులు ఈ వ్యాధిని ఎరిగియే కనిపెట్టిరా యనిపించెను!

బోడసకుర్రు వద్ద వైనతేయ గోదావరిని దాటి పాశర్లపూడి చేరితిమి. 1995 జనవరిలో అక్కడి గ్యాసుబావి అంటుకొని మార్చి వరకు, అరువదియైదు దినములు, మండిన కథను అత్తగారు పిల్లలకు చెప్పిరి. "అప్పుడూ ఇలాగే ఎప్పటికి ఆరుతుందో తెలియలేదు. ఆరింది" అనిరి. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి దాటునప్పటికి రెండు ప్రక్కల కొబ్బరితోటలలో ఎండ పాకుచుండెను.

అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామికి వెలుపలినుండియే నమస్కరించితిమి. అక్కడి పాత టేకు రథము ఆ సెప్టెంబరులోనే ఒక రాత్రి అగ్నికి ఆహుతి యయ్యెను. అత్తగారు రథశాల వైపు చూచి నిట్టూర్చిరి. కొత్త రథము సిద్ధమై, 2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశినాడు మరల కదలినది.

అటనుండి అన్నాచెల్లెళ్ల గట్టునకు పోయితిమి. వసిష్ఠ గోదావరి బంగాళాఖాతమున కలియు తావునకే యీ పేరు. ఒకవైపు నది, ఒకవైపు కడలి, నడుమ ఇసుక. ఆ దినమున అక్కడ మేము తప్ప వేరెవరును లేరు. పిల్లలు ముఖపు గుడ్డలు తీసి, పీతల వెంట పరుగిడిరి. ఎనిమిది నెలలకు వారి కేక వింటిని.

అత్తగారు నదికి ఆవలి గట్టును చూచుచు నిలిచిరి. అది నరసాపురపు వైపు. "మా అన్నయ్య ప్రతి సంక్రాంతికీ పంటు దాటి సఖినేటిపల్లి రేవులో దిగేవాడు, నన్ను పుట్టింటికి తీసుకు వెళ్లడానికి" అనిరి. నేను మాటాడలేదు. అంతలో మా అమ్మాయి వచ్చి, "మామ్మా, అన్న ఎవరు? నదా, సముద్రమా?" అని యడిగెను.

"ఎవరైతేనేమమ్మా, కలుసుకున్నారుగా" అని, ఆమె నీటి యంచున కూర్చుండి దోసిట నీరు తీసి విడిచిరి. మూడు నెలలుగా రాని కన్నీరు అప్పుడు వచ్చెను. పిల్లది ఆమె కొంగు పట్టుకొని ప్రక్కన నిలిచెను.

తిరుగుదారిలో మా అబ్బాయి ఆటల తోట మాట ఎత్తలేదు. నియమములు తొలగిన పిమ్మట వారిని అచ్చటికిని తీసుకొనిపోతిమి. ఉయ్యాలలు బాగుగనే యున్నవి. ఇప్పుడు కోనసీమ వేరు జిల్లా యైనది. ఆ గడ్డుకాలమును పిల్లలు మరచుచున్నారు. గట్టును మాత్రము మరువలేదు.

అక్కలారా! యాత్రకు చోటు ఎన్నుకొనునప్పుడు, అక్కడ ఏమేమి కలవని విచారింతుము. ఇంట ఎవరు మిగిలిపోవుదురని గూడ ఒక్కమారు విచారింపుడు.