నేను ఎక్కని గుట్ట

గుట్ట ప్రయాణం ఎట్లా చేయాలో ఈసారి గోడపత్రికకు రాయమని వార్డెన్ మేడం నాతో అన్నారు. రాస్తాను. కానీ దానికంటే ముందు నేను చెప్పిన ఒక అబద్ధం గురించి రాయాలి. అది రాయకుంటే మనం ముందు అనుకున్న గుట్ట ఎందుకు మారిందో మీకు అర్థం కాదు.

మాది తాడ్వాయి మండలంలో ఒక కోయ గూడెం. 2016 దాకా మేం వరంగల్ జిల్లావాళ్లమే, ఇప్పుడు ములుగు జిల్లా అయింది. మా ఇంట్లో పలక పట్టింది నేనే మొదలు. సెలవులకు పోతే కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఎరువు సంచి మీది రాత అన్నీ నాతోనే చదివిస్తారు. నేను ఏది చదివితే అదే నిజం అనుకుంటారు.

2024 ఫిబ్రవరిలో నేను ఏడో తరగతి. మేడారం జాతరకు ఇంటికి పోయి వచ్చిన. ఆ రాత్రి పడుకునే ముందు అందరూ తాము చూసిన ఊర్ల ముచ్చట పెట్టుకుంటున్నారు. ఒకామె అరకు పోయిందట, రైలు గుహల్లోంచి పోయిందట. ఇంకొకామె తిరుపతి మెట్లెక్కిందట. "మీ దిక్కు ఏముంటది, చెట్లు, గుట్టలే గదా" అని ఒకామె నన్ను అన్నది. కోపంతో అనలేదు, ఉత్తగనే అన్నది. నాకు మాత్రం కడుపు మండింది. "నేను చిలకలగుట్ట ఎక్కిన" అన్నాను.

పడుకున్నోళ్లు కూడా లేచి కూర్చున్నారు. పైనుంచి ఏం కనబడ్డది అని అడిగారు. గోదావరి కనబడ్డదని చెప్పిన. ఏటూరునాగారం అడవంతా కాళ్ల కింద ఉన్నదని చెప్పిన. అక్కడితో ఊరుకుంటే అయిపోవు. పొద్దుగూకినంక మన హాస్టల్ లైట్లు కూడా కనబడ్డయని చెప్పిన! వరంగల్ నుంచి మేడారం ఇంచుమించు వంద కిలోమీటర్లు. ఒక్కరన్నా లెక్క వేయలేదు.

నిజంగా జరిగింది ఇది. జాతరలో బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. విగ్రహాలు ఉండవు, కుంకుమ భరిణె, వెదురు. ఆ గురువారం, ఫిబ్రవరి 22న, నేను అమ్మమ్మతో తొవ్వ పక్కన నిలబడ్డాను. తొవ్వ పొడుగునా ముగ్గులు, చేతుల్లో కోళ్లు, శివమూగే ఆడోళ్లు. గుట్ట దిగుతుంటే పోలీసు పెద్దసారు గాలిలోకి తుపాకి పేల్చారు. తలెత్తి చూద్దామనుకున్న. అమ్మమ్మ నా మెడ మీద చెయ్యేసి కిందికి వంచింది. నేను చూసింది జనం కాళ్లు, దుమ్ము. అంతే.

కాకతీయుల సైన్యంతో కొట్లాడి గాయపడిన సమ్మక్క ఆ గుట్ట దిక్కే నడిచిపోయి మాయమైందని, వెతికితే చెట్టు కింద కుంకుమ భరిణె దొరికిందని మా పెద్దలు చెప్తారు. అందుకే పూజారులు తప్ప ఎవరూ ఆ గుట్ట ఎక్కరు. ఇప్పుడు చుట్టూ కంచె ఉన్నది. కంచె లేనప్పుడు కూడా మా ఇంట్లో ఎవరూ ఎక్కలేదు. నేను ఎక్కలేదు.

ఇగ ఈ ఏడు సంగతి. తొమ్మిదో తరగతి వాళ్లే గుట్ట ప్రయాణం ప్లాను వేసి తేవాలని మేడం అన్నారు. చార్టు మీద అందరూ ఒకే పేరు రాశారు, చిలకలగుట్ట. "ఇది ఎక్కింది గదా, తొవ్వ చూపిస్తది" అని నన్ను ముందల నిలబెట్టారు. నేను మూడు రోజులు జ్వరమని పడుకున్న. మెస్‌లో కోడిగుడ్డు పెట్టిన రోజు కూడా లేవలేదంటే చూసుకోండి.

ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు అమ్మమ్మతో కోయ భాషలో చెప్పిన. పక్కన వాళ్లకు అర్థం కాదని ధైర్యం. చాలాసేపు ఆమె మాట్లాడలేదు, ఫోన్ కట్ అయిందేమో అనుకున్న. తరువాత "పైన ఏం చూసినవని చెప్పినవ్?" అని అడిగింది. లైట్ల ముచ్చట చెప్పంగానే నవ్వింది. నవ్వి, "వాళ్లు నమ్మిన్రా?" అన్నది. నమ్మిన్రని చెప్పిన. అప్పుడు నవ్వు ఆపింది. ఆమె తిడితే నాకు అంత ఏడుపు రాకపోవు.

సోమవారం స్టడీ అవర్‌లో లేచి నిలబడి చెప్పేసిన. మేడం ఏమీ అనలేదు, కంచె దాకా పోయినా వెనక్కి పంపేవాళ్లే అని మాత్రం అన్నారు. కొందరు నవ్వారు. నా పక్క మంచం ఆమె మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె పోయిన సెలవుల్లో వాళ్ల తమ్మునికి ఈ లైట్ల కథ చెప్పిందట. వాడు రోజూ పొద్దుగూకంగానే వాళ్ల ఊరి బండ ఎక్కి మన హాస్టల్ లైట్ల కోసం చూస్తున్నడట. ఆ పిల్లగాడికి ఎవరు చెప్పాలి? నేనే ఉత్తరం రాస్తానన్నాను. రాసిన. జవాబు రాలేదు.

కొత్తగా అనుకున్నది పాండవుల గుట్ట. రేగొండ మండలంలో ఉన్నది, భూపాలపల్లి జిల్లా. వరంగల్ నుంచి 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గూడెప్పాడు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి ములుగు మీదుగా మా దిక్కు పోతుంది, ఇంకోటి పరకాల మీదుగా రేగొండకు. మనం పరకాల రోడ్డు పట్టాలి. ఇక్కడి నుంచి రాసేదంతా సోషల్ సార్ చెప్పగా విన్నది, నేను చూసింది కాదు. అవి ఇసుకరాతి గుట్టలు. ఆ రాయి హిమాలయాల కంటే పాతదట. గుహల్లో పాతకాలపు మనుషులు వేసిన బొమ్మలు ఉన్నాయి. జింకలు, పులులు, విల్లు బాణాలు. లోకానికి అవి తెలిసింది 1990లో. ఎరుపు రంగు జేగురు రాయితో వేసేవాళ్లట. మా గూడెంలో గోడలకు పూసేది కూడా అటువంటి ఎర్రమన్నే, అందుకే నాకు ఆ బొమ్మలు చూడాలని ఉన్నది. బొమ్మ బాగా కనబడాలని కొందరు నీళ్లు చల్లుతారట. మనం చల్లొద్దు, చేతితో ముట్టొద్దు. గుట్ట పైనుంచి చుట్టూ అడవి, పొలాలు కనబడతాయట. ఏం కనబడుతుందో వచ్చినంక రాస్తాను.

ప్లానులో సగం అమ్మమ్మది. ఆమె మళ్లీ ఆదివారం ఫోన్‌లో చెప్పింది, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆమె తునికాకుకు, ఇప్పపువ్వుకు ఏండ్ల నుంచి అడవికి పోయే మనిషి. "అందరికన్న పొట్టిదాన్ని ముందల నడిపియ్యిన్రి" అన్నది. పొట్టిది ఎనుక ఉంటే ఉరకాలి, ఉరికితే పడుతుంది, పడితే అందరూ ఆగాలి. గట్టిగా నడిచేవాళ్లు చివర ఉండాలి. మన పీఈటీ మేడం లైను దీనికి ఉల్టా ఉంటుంది, పొడుగోళ్లు ముందు! ఈ ఒక్కరోజుకు ఆమె ఒప్పుకున్నారు. ఇంకోటి, దాహం కాకముందే నీళ్లు తాగాలి. పైకి పోయేటప్పుడు సగం, దిగేటప్పుడు సగం. పైన నీళ్లు దొరుకుతాయని అనుకోవద్దు.

బండ సందుల్లో పెద్ద తేనెపట్లు ఉంటే రాయి విసరొద్దు, అరవొద్దు, పొగ పెట్టొద్దు. వాసన నూనె, పౌడరు ఆ రోజుకు మానాలి. ఇప్పపువ్వు రాలే కాలంలో తెల్లవారుజామున గుడ్డెలుగులు తిరుగుతాయి, అందుకే చలి పోకముందే ప్రయాణం పెట్టుకున్నం. మా అమ్మమ్మ అన్నింటికన్న గట్టిగా చెప్పిన మాట, ఆ ఊరి మనిషి ఒకరు మీతో ఉండాలి అని. "మన అడవి నాకు తెలుసు, ఆ గుట్ట వాళ్లకు తెలుసు" అన్నది. మేడం కింది ఊర్లో ఒక పెద్దాయనను మాట్లాడి పెట్టారు.

మన క్లాసు 38 మందిమి. ఇద్దరిద్దరు జంట, ప్రతి మలుపు దగ్గర జంటలు లెక్కపెట్టాలి. తెల్లారి ఐదున్నరకు బస్సు. పది గంటల లోపల ఎక్కుడు అయిపోవాలి, ఎండ ముదరకముందే దిగాలి. మబ్బు పట్టినా, వాన పడి బండ జారుతున్నా సగంలోనే తిరిగి వస్తం, ఎవరూ అలగొద్దు. సద్ది పులిహోర, రెండు అరటిపండ్లు. ఎవరికైనా కడుపునొప్పి, నడవలేని బాధ ఉంటే, చెప్పడానికి సిగ్గయితే, నా చెవిలో చెప్పండి, మేడంకు నేను చెప్తాను.

నా పక్క మంచం ఆమె నిన్న నాతో మాట్లాడింది. నా జంట ఆమెనే. స్లిప్పర్లతో బండ ఎక్కితే జారుతుంది, వెనుక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. లేనివాళ్లు శుక్రవారం లోపల నాకు పేరు ఇవ్వండి, పదో తరగతి అక్కలను అడిగి తెస్తాను. నాకు కూడా లేవు.