కిలోమీటరుకు యాభై రూపాయలు

"మీరు ముంబై సముద్రంలో ఈదితే ఎక్కడో గోదావరి జిల్లాలో ఆడపిల్లలకు ఈత ఎలా వస్తుంది మ్యాడమ్?" మా అపార్ట్‌మెంట్ సొసైటీ కార్యదర్శి అడిగిన ప్రశ్న ఇది. ఆయన వ్యాపారస్తుడు. లెక్క తేలనిదే రూపాయి తీయడు. నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే రాదు. నేను ధరమ్‌తర్ నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియా దాకా 36 కిలోమీటర్లు ఈదినా, ఇంట్లో కూర్చుని సీరియల్ చూసినా ఆ పిల్లలకు ఒరిగేది ఒకటే. నా ఈతకూ వాళ్ల ఈతకూ ఉన్న లంకె ఈ చందా పుస్తకం మాత్రమే. ఆ మాటే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే కిలోమీటరుకు యాభై ఇస్తా. ఎన్ని ఈదితే అన్నింటికే" అన్నాడు. పుస్తకంలో మొదటి పద్దు అది. ఆ తర్వాత అందరినీ అలాగే అడగడం మొదలుపెట్టాను.

మాది గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీది ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలవలు మా వైపు బతుకునే మార్చేశాయంటారు. బట్టలుతకడం, గేదెల్ని కడగడం, బిందెలు తోమడం అన్నీ ఆ నీళ్లలోనే. మగపిల్లలకు ఆరేడేళ్లకే నడుముకు సొరకాయ బుర్రో, జీలుగు బెండ్లో కట్టి కాలవలో తోసేవారు. నాలుగు రోజులు నీళ్లు మింగి ఐదో రోజుకు ఈదేసేవారు. ఆడపిల్లలకు ఆ ముచ్చట లేదు. తడిబట్టలతో గట్టెక్కితే నలుగురూ చూస్తారని. అలాగని రేవులోకి పంపడం మానలేదు, బట్టల మూట నెత్తిన పెట్టి రోజూ పంపేవారు. 1987లో మా పిన్ని కూతురు ఆ కాలవలోనే పోయింది. దానికి పద్నాలుగేళ్లు, నాకు పదకొండు. అప్పుడు నేను రేవు మీదే ఉన్నాను. ఈత రాదు.

నాకు ఈత వచ్చింది నలభై ఒకటో ఏట, బ్యాంకు బదిలీ మీద ముంబై వచ్చాక. కీళ్ల డాక్టరు మోకాళ్లు చూసి, నడక తగ్గించి ఈతకు వెళ్లమన్నాడు. మున్సిపల్ కొలనులో ఆరేళ్ల పిల్లల పక్కన కమ్మీ పట్టుకుని కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాను. మొదటి నెలంతా తల ముంచితే చాలు ఊపిరి బిగుసుకుపోయేది. కారణం నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఏడాదికి కిలోమీటరు ఈదాను. ఆ తర్వాత కోవిడ్ వచ్చి కొలను మూసేశారు. ఆ ఖాళీలోనే, 2021 మార్చిలో, హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారన్న వార్త చదివాను. ఆవిడా నలభై దాటాక ఈత నేర్చుకున్నారట. ఆవిడంత సాహసం నాకు లేదు కానీ, కొలను తెరవగానే కోచ్‌ను అడిగాను, "సర్, ధరమ్‌తర్ నా వల్ల అవుతుందా?"

ఆయన మరాఠీ మనిషి, పొగడడం తెలియదు. "రెండేళ్లు" అన్నాడు. అంతే.

ఆ రెండేళ్ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం, కొలనులో గంటన్నర, లోకల్ రైలు, బ్యాంకు. ఆదివారాలు ఉరణ్ వైపు సముద్రంలో మూడు గంటలు, తర్వాత నాలుగు, చివరికి ఆరు. ఉప్పునీళ్లకు నాలుక వాచి సాయంత్రానికి అన్నం రుచి తెలిసేది కాదు. చంకల్లో, మెడ దగ్గర ఒరుసుకుని తోలు లేచేది. ఎంత వాసెలిన్ రాసినా అంతే. డీజిల్ వాసన, చేతులకు తగిలే ప్లాస్టిక్ సంచులు సరేసరి. పడవలోంచి తాడుకు సీసా కట్టి విసురుతారు, పడవను ముట్టుకోకుండా నీళ్లలో వెల్లకిలా తేలుతూ తాగాలి. పడవ మీద చెయ్యి పడిందో ఆ ఈత చెల్లదు. అందరూ తాగే పొడులు నాకు వాంతి తెప్పించాయి. చివరికి పలచటి రాగిజావలో బెల్లం, చిటికెడు ఉప్పు కలిపితే కడుపులో నిలిచింది. ఈ విషయంలో మాత్రం కోచ్ నా దగ్గర నేర్చుకున్నాడు.

ఒళ్లు అలవాటు పడింది. అలవాటు పడనిది అడగడం. వినాయక చవితికి చందా ఇవ్వడమే తప్ప పుచ్చుకున్న ఇల్లు కాదు మాది. పొదుపు పథకాలు ఎన్నో అమ్మిన దాన్ని, ఈ నాలుగు ముక్కలు అడగడానికి ఫోన్ పట్టుకుని అరగంట కూర్చునేదాన్ని. అడిగాక వచ్చే ప్రశ్నలు మరోటి. "ఎయిటీ జీ ఉందా?" ఉంది, కానీ రెండు వేలు దాటిన నగదుకు చెల్లదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. అమెరికాలో ఉన్న చుట్టాల సంగతి మరీ విడ్డూరం. మా ఊరి దగ్గర ఈ పని చేయడానికి ఒప్పుకున్న చిన్న సంస్థకు విదేశీ విరాళాల అనుమతి లేదు. ఆ చట్టం ప్రకారం ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్న మా బావ తన జీతం డబ్బు బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా పెద్దమ్మ కూతురు పంపితే అది విదేశీ విరాళం. ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు. "నేను పరాయిదాన్నా?" అని అది నెల రోజులు మాట్లాడలేదు.

మా ఆయన అడిగిన ప్రశ్న అన్నింటికన్నా సూటిగా ఉంది. "పడవకు, పరిశీలకుడికి, అనుమతులకు లక్షా ముప్ఫై వేలవుతోంది. అదేదో నేరుగా పిల్లలకే ఇవ్వొచ్చుగా?" నేను చేసిందల్లా ఆ లక్షా ముప్ఫై వేలు నా జీతంలోంచే పెట్టి, చందా డబ్బులోంచి పైసా ముట్టుకోకపోవడం. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఈదాలని నాకే ఉంది. ఊరికే చందా అడిగితే ఎవరూ వినరు, ఈదుతున్నానంటే వింటారు. ఇంగ్లిష్ చానెల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆరతీ సాహా కూడా 1959లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ 11 వేల రూపాయలు మంజూరు చేస్తే గానీ ఆమె ప్రయాణం సాగలేదు. ఆవిడ అడిగింది తన ఈత కోసం. నేను అడిగేది వేరొకరి ఈత కోసం. అయినా నోరు నాకే రాలేదు.

నాలుగు నెలలకు లక్షా పది వేలు దాటలేదు. చందాల పేజీలు తయారుచేయడంలో ఆరితేరిన ఓ కుర్రాడు నా రాత చూసి పెదవి విరిచాడు. "ఏటా మన దేశంలో నీళ్లలో మునిగి ముప్ఫై వేల మందికి పైగా పోతున్నారని రాశారు. అంకెలకు ఎవరూ డబ్బివ్వరు ఆంటీ. మీ అక్క కథ రాయండి. ఫొటో పెట్టండి. వారంలో మూడింతలవుతుంది." అతడు చెడ్డవాడు కాదు, తన పని అతడికి తెలుసు. రాత్రంతా కూర్చుని రాశాను. బాగా వచ్చింది. అంత బాగా వచ్చినందుకే భయమేసింది. ఫొటో పిన్ని దగ్గరే ఉంది. అడక్కుండా పెట్టడం తప్పని దసరా సెలవులకు ఊరెళ్లాను.

పిన్నికి చదివి వినిపించాను. వత్తులు చేస్తూ చివరిదాకా వింది. "ఆ పిల్ల ఫొటో నా దగ్గర ఒక్కటే ఉందే. డబ్బులడగడానికి ఇవ్వను" అంది. నేను సర్దిచెప్పబోయాను. వినలేదు. "అప్పుడు ఊళ్లో ఏమన్నారో నీకు తెలీదు, చిన్నపిల్లవి. కావాలనే దూకిందన్నారు. పద్నాలుగేళ్ల పిల్లకి లేనిపోనివన్నీ అంటగట్టారు. మీ బాబాయి ఆ మాటలు మోసే పోయాడు. మళ్లీ దాన్ని పదిమంది నోళ్లలో పెట్టకు" అంది.

ఆ మాట అప్పటిదాకా నాకు నిజంగా తెలీదు. ఆ రోజు రేవు మీద ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. జరిగింది చూసినదాన్ని. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఫోన్ పర్సులో పెట్టుకుని, కాఫీ తాగి వచ్చేశాను. రాసిందంతా రైల్లోనే చెరిపేశాను. చందాల పేజీలో నా మొహం, నా మోకాళ్ల కథ మాత్రమే మిగిలాయి.

2024 జనవరిలో ఒక రాత్రి రెండు నలభైకి ధరమ్‌తర్ జెట్టీ దగ్గర నీళ్లలోకి దిగాను. ఆటు మొదలయ్యే వేళ చూసి దింపుతారు, వెనక్కి తీసే నీరు అంబా నది పాయ వెంట మనల్ని సముద్రం వైపు లాక్కుపోతుంది. చీకట్లో చెయ్యి వేసినప్పుడల్లా నీళ్లలో సన్నటి మెరుపులు. భయమేయలేదు. మొదటి ఆరు గంటల్లో 23 కిలోమీటర్లు. తెల్లారాక ఎడమ భుజం మీద జెల్లీఫిష్ వాత పెట్టింది. దాన్ని తిట్టుకుంటూ మరో గంట గడిపాను. అప్పుడు పోటు తిరిగింది. ముంబైలో పౌర్ణమి, అమావాస్యలకు పోటు నాలుగు మీటర్లు దాటుతుంది. మేము ఎంచుకున్నది నెమ్మది రోజే, అయినా ఆ నీరు నన్ను ఎలిఫెంటా వైపు నెడుతూనే ఉంది. తాజ్ హోటల్ గుమ్మటం కనిపిస్తోంది. గంట తర్వాత చూసినా అంతే దూరంలో, కాస్త పక్కకు జరిగి కనిపిస్తోంది. పదో గంటకు పళ్లు టకటకలాడుతున్నాయి. కోచ్ అడిగిన కూడికకు తప్పు జవాబు చెప్పాను, బ్యాంకు ఉద్యోగిని. ఆయన చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుంటే అయిపోయినట్టే. పట్టుకున్నాను. 31 కిలోమీటర్లు.

ఆరతీ సాహా కూడా మొదటిసారి ఒడ్డు చేరలేకపోయి, నెల తర్వాత మళ్లీ దిగి గెలిచారు. నేను మళ్లీ దిగలేదు. సెలవులూ అయిపోయాయి, డబ్బూ అయిపోయింది.

లెక్క తేల్చే రోజు సొసైటీ కార్యదర్శి 31 యాభైలు 1,550 రూపాయలు, పైసా ఎక్కువ తక్కువ లేకుండా ఫోన్లో పంపాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. చాలామంది 36కే లెక్కకట్టి ఇచ్చారు. "పూర్తి చేయలేదుగా" అని ఎగ్గొట్టిన ఆప్తులూ ఉన్నారు. పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి. మొత్తం రెండు లక్షల ఎనభై ఆరు వేలు.

ఆ డబ్బుతో కొలను కట్టలేం. కాలవలో నేర్పుదామంటే వేసవి సెలవుల్లో కాలవలు కట్టేస్తారు, నీళ్లు వదిలేనాటికి బడులు తెరుస్తారు. బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురుతో చట్రం కట్టి, నడుములోతులో పిల్లలకు నేర్పుతారని చదివాం. అదే చేశాం. ఒక రైతు తన చేపల చెరువులో ఓ మూల ఇచ్చాడు. ఈత వచ్చిన ఆడ టీచర్లు దొరక్క ముందు ఇద్దరికి నేర్పించాల్సి వచ్చింది. సగం డబ్బు అక్కడే పోయింది. తల్లిదండ్రుల మొదటి ప్రశ్న బట్టల గురించే. లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు అన్నాక తొలి జట్టులో 22 మంది వచ్చారు. ఆరు వారాలకు 17 మంది ఆగకుండా పాతిక మీటర్లు ఈదారు. మిగతావాళ్లలో ముగ్గురు మానేశారు, ఇద్దరు ఇంకా కమ్మీ వదలడం లేదు. వాళ్లను నేను తొందరపెట్టనివ్వలేదు.

ఇదంతా రాయమని పత్రికవారు అడిగినప్పుడు మళ్లీ పిన్ని దగ్గరికే వెళ్లాను. ఈసారి ఏమీ రాసుకుని వెళ్లలేదు. చెరువు సంగతులు చెప్పాను. వింది. చాలాసేపయ్యాక, ఇన్నేళ్లలో మొదటిసారి అడిగింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదే. ఏం జరిగింది?"

చెప్పాను. పిన్ని ఏడవలేదు. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి నాకిచ్చింది. "పేరు వద్దు. ఊరు వద్దు. ఇది మాత్రం రాయి" అంది.

దుప్పటి జాడిస్తోంది. కాలవ నిండుగా ఉంది. తడిసిన దుప్పటి బరువెక్కి చేతిలోంచి జారితే, కొస పట్టుకోబోయి కింది మెట్టు మీద కాలు వేసింది. ఆ మెట్టు నాచు పట్టి ఉంది. కాలు జారింది.