బావిలో ఉన్న నీళ్ళే గదా!

మా ఊరి ఇంటి వెనుక రేకుల కొట్టంలో ఒక ఎర్రని ఫియట్ పాలియో ఉంది. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు దాని చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసి, "మామా, దీనికి చిప్ వేయిస్తే ఎట్లుంటుంది?" అన్నాడు. వాడికింకా లైసెన్సు కూడా రాలేదు. నేను సమాధానం చెప్పకుండా స్టీరింగు కింద చెయ్యి పెట్టి తడిమాను. 2009లో తెంపి, టేపు చుట్టి వదిలేసిన తీగలు అక్కడే ఉన్నాయి. ఆ తీగల వెనుక ఒక అబద్ధం ఉంది. దాన్ని ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు.

పాలియో మన దేశానికి 2001లో వచ్చింది. సచిన్ టెండూల్కర్ దానికి ప్రచారకర్త. 1.2 లీటర్ల ఇంజనుది సంసారపక్షమైన స్వభావం. 1.6 లీటర్లది మాత్రం వేరే జాతి: పదహారు వాల్వులు, నూరు గుర్రాల బలం. అసలైన స్పోర్ట్స్ కార్లు హాస్టలు గోడల మీద పోస్టర్లలో ఉండేవి. మాబోటి వాళ్ళకు అందుబాటులో ఉన్న స్పోర్ట్స్ కారు ఇదొక్కటే. అది తాగే పెట్రోలుకు భయపడి చాలామంది తక్కువ ధరకే అమ్ముకునేవారు. 2008లో బెంగళూరులో అలా నా చేతికి వచ్చింది.

నూరు గుర్రాలున్నవాడికి నూట ఇరవై కావాలనిపించడం మానవ స్వభావం. ఊరి చివర ఒక షెడ్డులో చిప్ బిగిస్తారని విన్నాను. చిప్ అని పేరే గానీ అది అగ్గిపెట్టెలంత పెద్దదైన ఒక డబ్బా. ఇంజనుకూ దాని కంప్యూటరుకూ మధ్య కూర్చుని, వచ్చే కబుర్లను కొంచెం మార్చి చెబుతుంది, అంతే. పిస్టను పై కొసకు చేరడానికి కొన్ని డిగ్రీల ముందే ప్లగ్గు నిప్పురవ్వ వేయాలి. ఎన్ని డిగ్రీల ముందన్నది ఇంజను వేగాన్ని బట్టి, లోపలికి వెళ్ళే గాలిని బట్టి గళ్ళుగళ్ళుగా ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఆ రవ్వను ఇంకాస్త ముందుకు జరిపితే బలం పెరుగుతుంది. మరీ జరిపితే మంట తన వంతు రాకముందే అక్కడక్కడ భగ్గుమని పిస్టను నెత్తిన కొడుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. టర్బో లేని ఇంజనులో ఈ పద్ధతిన దొరికే లాభం నూటికి ఐదో, మహా అయితే పదో. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. డబ్బాకు పద్దెనిమిది వేలు ముందే ఇచ్చేశాను.

ఆ వారమే నాయన ఫోను చేశాడు. మామూలుగా ప్రతి ఏడూ కోతలయ్యాక విత్తనానికని మంచి చెనక్కాయలు ఏరి మూటలు కట్టి అటకెక్కించేవాడు. ఎంత కరువొచ్చినా ఆ మూటల జోలికి పోయేవాడు కాదు. 2008లో మా చెల్లెలి కాన్పు కష్టమైంది. ఆస్పత్రి ఖర్చులకు ఆ మూటలు కూడా అంగడికి పోయాయి. "విత్తనానికి ఒక పదహైదు వేలు సర్దుతావేమి రా, పంటొచ్చినాక ఇస్తా" అన్నాడు. కన్నకొడుకుతో "ఇస్తా" అన్నాడు! "ఈ నెల కుదరదు నాయనా" అన్నాను. "సర్లే, ఉంటే చూడు" అని పెట్టేశాడు. ఆయన మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు.

మే నెలలో కొత్త డబ్బాతో ఊరికి బయలుదేరాను. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటేదాకా బండి నిజంగానే ఎగిరింది. పెనుకొండ వచ్చేసరికి ఆ గర్వం నెమ్మదిగా ఆవిరైంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. అనంతపురం మూడు వందల యాభై మీటర్ల లోపే. అంత దిగితే గాలి ఒత్తిడి నూటికి ఆరేడు పాళ్ళు పెరుగుతుంది, ఇంజను అంత బిగువైన గాలి పీలుస్తుంది. బెంగళూరు షెడ్డులో కూర్చుని సరిచేసిన పట్టికలో ఆ గళ్ళను ఎవరూ పరీక్షించి చూసినవారు కాదు. దానికి తోడు నలభై డిగ్రీలు దాటిన ఎండ. ఇంకొకటి: 2010 దాకా పెద్ద నగరాలకు ఒక పెట్రోలు ప్రమాణం, మిగతా దేశానికి అంతకన్న తక్కువ ప్రమాణం ఉండేవి. నగరంలో 91 ఆక్టేన్ ఉంటే మా వైపు 88. ఆక్టేన్ తగ్గితే నాకింగ్ త్వరగా వస్తుంది. నేను దారిలో ట్యాంకు నింపుకున్నది ఆ పెట్రోలుతోనే.

ఇంటి ముందు ఆపగానే నాయన మంచం మీంచి లేచి వచ్చాడు. కుశలం అడగలేదు.

"ఏమిరా, బండి గొంతు మారింది?"

"ఎండకు, నాయనా."

"ఎండకు కాదులే. ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్ళు మింగినట్ల అరిసింది. ఏం చేయించినావు?"

పాటు పడి చెప్పాను. వింటూ వింటూ, "ఎంతిచ్చినావు?" అన్నాడు.

"పద్దెనిమిది వేలు."

"ఎప్పుడు?"

దానికి నేను జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. భుజం మీది తువ్వాలుతో బానెట్టు మీది దుమ్ము ఒకసారి తుడిచి లోపలికి పోయాడు. ఆయన తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

మరునాడు పొద్దున ప్లగ్గులు విప్పాను. ఒకదాని తెల్లని పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్లు సన్నని మెరుపు చుక్కలు. అవి పిస్టను నుంచి రాలిన అల్యూమినియం. ఇంకొన్ని వందల మైళ్ళు అలాగే తోలి ఉంటే పిస్టనుకు చిల్లు పడేది. నాయన పక్కన గొంతుక్కూర్చుని ఆ ప్లగ్గును వెలుగుకు పట్టి చూసి, తన కథ ఒకటి చెప్పాడు.

"అప్పుడు మన బావికి ఆయిలింజను ఉండె. పక్క చేనాయన మడి ముందుగా తడస్తాండాదని నాకు రోషం. గవర్నరు స్ప్రింగు బిగించినా. గంటలో పారే నీళ్ళు ముక్కాల్గంటకే పారె. శానా సంతోషపడితి. బావిలో ఉన్న నీళ్ళే గదరా వచ్చేది! అవి ముందే అయిపాయె. పంపు గాలి పీల్చె, బరువు లేక ఇంజను ఎగిరె. నేను పరిగెత్తి పోయేలోపల కనెక్టింగు రాడ్డు ఇరిగిపాయె. ఆ ఏడు రెండో పంటే లేదు."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే తీగలు తెంపి టేపు చుట్టాను.

కంపెనీవాళ్ళు చేతకాక నూరు గుర్రాల దగ్గర ఆగిపోయారనుకున్నాను అన్నాళ్ళూ. కాదు, వాళ్ళు కొంత మిగిల్చి పెట్టారు. చెడ్డ పెట్రోలు పోసుకునే రోజుకు, మే నెల మధ్యాహ్నానికి, నలుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కే వేళకు. అటక మీది విత్తనపు మూటలూ అటువంటివే. వాడనంత కాలం అవి వృథాగా పడి ఉన్నట్లు కనబడతాయి. చిప్ అమ్మేవాడు కొత్త బలాన్నేమీ తేడు. మన అటక మీది మూటను మనకే అమ్ముతాడు. నాయన ఆ మూటలను ఒకసారి విప్పాడు. అది ఒక ప్రాణం కోసం. నేను విప్పింది పెనుకొండ దారిలో రెండు లారీలను దాటడం కోసం.

ఆ ఏడు, 2009లో, దేశమంతటా నైరుతి ఋతుపవనాలు మొహం చాటేశాయి. మా చేను పెట్టిన విత్తనమంత కూడా తిరిగి ఇవ్వలేదు. అప్పు, వడ్డీ రెండూ నేనే కట్టాను. కానీ అడిగిన రోజున ఇవ్వడం వేరు, అదును దాటాక కట్టడం వేరు. నాయన పోయి ఆరేళ్ళవుతోంది. నేను ఎప్పుడు ఊరికి వెళ్ళినా, బండి ఆగే ముందు చెవి రిక్కించి వినేవాడు. "ఇప్పుడు బాగుంది గొంతు" అనేవాడు.

అదే పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. నాకింగుకు అది మేలే గానీ, ఈ పాతబండి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. ఇవన్నీ మేనల్లుడికి చెబుదామనుకున్నాను. వాడు పుట్టిన కాన్పుకే ఆ మూటలు అంగడికి పోయాయన్న సంగతి కూడా. కానీ పసివాడికి ఆ బరువెందుకు?

తాళంచెవి వాడి చేతికిచ్చి, "ముందు స్టార్టు చెయ్యి. ఊరికే కూర్చుని కాసేపు దాని గొంతు విను" అన్నాను.