ఫిడేలు మూగబోయిందా, చెవి మందగించిందా?

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పాట వింటూ, "ఈ ఫిడేలు మునుపటిలా మోగడం లేదే, యంత్రం పాడైనట్టుంది" అన్నారనుకోండి. యంత్రాన్ని రిపేరుకు పంపే ముందు ఆ మాట అన్నవారి చెవిని ఒకసారి డాక్టరుకు చూపించండి. వేళాకోళానికి అంటున్న మాట కాదిది.

మా నిర్మల్‌లో ఒక రిటైరైన లెక్కల మాస్టారున్నారు. ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలంటే ఆయనకు ప్రాణం. ఒకరోజు కూతురు ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చి, ఆయన ఎదుటే, "నాన్నకు మతి తప్పుతోంది డాక్టరుగారూ! ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతున్నారు. నలుగురిలో కూర్చోవడం మానేశారు. మతిమరుపుకు మందేదైనా రాయండి" అంది. ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నారు.

నేను కుర్చీ ఆయన ముందుకు జరుపుకుని, నా ముఖం కనిపించేలా, నిదానంగా, "నాయుడుగారి పాటలు వింటున్నారా మాస్టారూ?" అని అడిగాను.

"ఏం వినడం లెండి! అన్నీ అరిగిపోయాయి. తారస్థాయికి వెళితే ఏమీ లేదు. మా మనవరాలు కూడా నోట్లో నోట్లో మాట్లాడుతుంది."

మతి తప్పిన మనిషి ఇంత తిన్నగా జవాబు చెప్పడు. పైగా అవి మనవరాలు ఫోనులో ఎక్కించి ఇచ్చిన పాటలట! ఫోనులో పాట అరిగేదెట్లా?

అయితే నాయుడుగారి పాత గ్రామఫోను రికార్డులతో చెవిని తూచడం న్యాయం కాదు. ఒక్కో వైపు మూడు నిమిషాల చొప్పున ముద్రించిన ఆ రోజుల్లో, సన్నని ధ్వనులను యంత్రాలే పూర్తిగా పట్టలేకపోయేవి. అందుకని ఆదివారం మాస్టారినీ మనవరాలినీ మా ఇంటికి రమ్మని వేరే రికార్డు పెట్టాను. అది యెహుదీ మెనూహిన్ 1953లో లండన్‌లో ఫిల్హార్మోనియా వాద్యబృందంతో వాయించిన బీథోవెన్ కచేరీ. ఒక్క ఫిడేలు, వెనుక వాద్యబృందమంతా. ఈ మెనూహిన్ అంతకు ముందు ఏడాదే, 1952లో, మన దేశానికి వచ్చి మద్రాసులో నాయుడుగారి వాదన విని ముగ్ధుడయ్యాడు. ఆ సంగతి చెప్పగానే మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

ఫిడేలు వినిపిస్తున్నంతసేపూ వేలు ఎత్తి ఉంచమన్నాను. మొదట మెల్లగా మోగే భేరి దెబ్బలు ఇద్దరికీ వినిపించాయి. మూడు నిమిషాలు దాటాక ఫిడేలు అందుకుంది. ఇద్దరి వేళ్ళూ లేచాయి. కానీ ఫిడేలు మెత్తగా, సన్నగా పైకి పోయినప్పుడల్లా మాస్టారి వేలు దిగిపోతోంది, పిల్ల వేలు అలాగే ఉంది. ఆ పిల్ల తాతవైపు చూసి, ఏమీ అనకుండా, ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. లోచెవిలో నత్తగుల్ల వంటి ఒక అవయవం ఉంది. అందులో సుమారు 15,000 సన్నని రోమకణాలు ధ్వనిని పట్టి మెదడుకు అందిస్తాయి. సన్నని ధ్వనులను పట్టే కణాలు గుల్ల మొదట్లోనే ఉంటాయి, వయసుకూ మోతకూ ముందు నశించేవి అవే. నశించినవి మళ్ళీ మొలవవు. ఫిడేలు అడుగు తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తే, పై స్వరాలు 3,000 దాటుతాయి. మాటల్లో అచ్చులు కిందిస్థాయివి, స, చ, త, ఫ వంటి హల్లులు పైస్థాయివి. అందుకే "చాలు" అంటే "పాలు" అనిపిస్తుంది. మాట వినపడుతుంది గాని తెలియదు. ఇంట్లోవాళ్ళు దాన్ని మతిమరుపు అంటారు! వినికిడి తగ్గి మనుషులకు దూరమైనవారికి నిజమైన మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువన్నది కూడా ఇప్పుడు తేలిన విషయమే.

ఆ కచేరీ రచించిన బీథోవెన్ చెవులే ఇందుకు గొప్ప సాక్ష్యం. 1801లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, వైద్యుడైన తన మిత్రుడు వెగెలర్‌కు ఉత్తరం రాస్తూ, దూరం నుంచి వాద్యాల, గాయకుల పైస్వరాలు తనకు వినిపించడం లేదని చెప్పుకున్నాడు. ఎవరైనా గట్టిగా అరిస్తే భరించలేకపోతున్నానన్నాడు. ఇది గమనించండి. లోచెవి దెబ్బతిన్నవారికి మెల్లని మాట వినపడదు, గట్టి మాట పోటు పెడుతుంది. కాబట్టి వాళ్ళ దగ్గర అరవకండి, ఎదుటికి వచ్చి నిదానంగా మాట్లాడండి. ఆ కచేరీ 1806లో రాశాడు, అంటే ఈ ఉత్తరం తరువాత అయిదేళ్ళకు! మన నాయుడుగారి సంగతి చూడండి. చూపు సరిగా లేక చిన్ననాడే చదువు మాని, 1919 నాటికి విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులయ్యారు.

మాస్టారికి ఆడియోమెట్రీ చేయించాం. రెండు చెవుల్లోనూ పైస్థాయి వినికిడే తగ్గింది. ఇప్పుడు యంత్రం పెట్టుకుంటున్నారు. మొదట్లో ఫిడేలు రేకుడబ్బా మోతలా ఉందని విసుక్కున్నారు. వినికిడి యంత్రాలను ప్రధానంగా మాటల కోసం అమరుస్తారు, సంగీతానికి వేరే అమరిక ఉంటుంది. అడిగి పెట్టించుకోవాలి. మతిమరుపు మందు నేను రాయలేదు.

వయసులో ఉన్నవారికి ఒక మాట. ఇలాంటి రికార్డుల్లో ఫిడేలు ఒంటరిగా మెల్లగా పలికేటప్పుడు వినపడక శబ్దం పెంచుతాం. మరుక్షణం వాద్యబృందమంతా ఒక్కసారి విరుచుకుపడుతుంది. చెవిలో పెట్టుకునే ఫోన్లతో ఇది మరీ ప్రమాదం. బృందం మోగేటప్పుడు శబ్దం సరిచేసుకోండి, ఫిడేలు వినపడకపోతే గదిలో ఫ్యాను తగ్గించండి. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చంటారు, 100 అయితే పావుగంటే! మన బరాత్‌లలో డీజే పెట్టెల ముందు పసిపిల్లలను ఎత్తుకుని నిలబడేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కట్టెకోత మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు చెవులకు బిరడాలు తప్పక పెట్టుకోవాలి.

చెవిలో వెల్లుల్లి నూనె పోయడం, అగ్గిపుల్లతో గెలకడం మానండి. ఒక్కొక్కప్పుడు గులిమి గట్టిపడినా వినికిడి తగ్గుతుంది, దాన్ని ఆసుపత్రిలో అయిదు నిమిషాల్లో తీస్తారు. జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు తీసుకుంటూ చెవిలో హోరు మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోయినట్టయి వినపడకపోతే మాత్రం జలుబులే అని కూర్చోకండి. తొలి రెండు మూడు రోజుల్లో మందు పడితే గుణం కనిపించే అవకాశం ఎక్కువ. ఆదివారమైనా సరే, ఆ రోజే రండి.