మూన తిరుగుదాక

టేబుల్ టెన్నిస్ బల్ల పొడవు 2.74 మీటర్లు; నడుమ కట్టిన వల యెత్తు 15.25 సెంటీమీటర్లు. బంతి మూడు గ్రాములైనను తూగదు. చూచువారికి ఇది పసిపిల్లల ఆటవలె తోచును. కాని ఎదుటివాడు బంతిని క్రిందుగా కోసి, వెనుకకు తిరుగునట్లు పంపినప్పుడు దానిని నేరుగా కొట్టి చూడుడు. అది వలలో పడును. ఆ తిరుగుడును లొంగదీయుటకు ఏర్పడినదే టాప్‌స్పిన్ దెబ్బ. బ్యాటును క్రిందినుండి పైకిని ముందునకును లాగుచు, బంతిని మోదక, దాని వీపును రాచినట్లు తాకవలెను. అప్పుడు బంతి ముందునకు గిరగిర తిరుగుచు వల దాటును. ఆ తిరుగుడు చేతనే గాలి దానిని క్రిందికి త్రోయును గనుక అవతలి బల్లపై దిగును. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలలో జపాను క్రీడాకారుడు సతో స్పాంజి బ్యాటుతో విజేత అయ్యెను. ఆ పిమ్మట స్పాంజిపై నున్నని రబ్బరు నతికించిన బ్యాట్లు వచ్చి, ఈ దెబ్బకు బలము హెచ్చెను.

విజయవాడలో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక ఈ దెబ్బను నేర్చుకొనుచుండెను. ఆమెది బందరు కాలువ దిగువనున్న పల్లె. మేనత్త యింట నుండి చదువుకొనుచుండెను. గురువు దినమునకు నూరు బంతులు వేసెడివాడు. ఇరువదింట ఎన్ని బల్లపై పడినవో ఆమె నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. మొదటి వారము మూడు. రెండవ వారము ఆరు. నెల ముగియునప్పటికి పదకొండు. అటుపిమ్మట రెండు నెలలు అదే పదకొండు! ఒకనాడు పన్నెండైన మరునాడు పది. వేకువనే లేచి అరగంట అధికముగా ఆడినను ఆ అంకె కదలలేదు. లెక్క వ్రాసికొనుట మంచి అలవాటే. కాని ప్రతిరాత్రి దానిని తెరచి కన్నీరు పెట్టుకొన్నచో బంతి వల దాటదు. పైగా తండ్రి, “దసరా పోటీలదాక చూతమమ్మా. అప్పటికిని ఇట్లే యున్నచో ఆట మాని చదువు చూచుకొనుము” అని చెప్పియుండెను.

విద్య నడుమ ఇట్లు నిలిచిపోవుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో బ్రయన్, హార్టర్ అను ఇరువురు తంతి విద్య నేర్చుకొనువారిని పరీక్షించి 1897లోను 1899లోను వ్యాసములు ప్రకటించిరి. మన దేశమున తంతివార్తల సేవ 2013 జూలైలో ముగిసినది గాని, ఒకప్పుడు బెజవాడ వంటి రైల్వే కూడలిలో ఆ టకటకలు రేయింబవళ్లు వినవచ్చెడివి. వార్త పంపు నేర్పు వారము వారము పెరిగెననియు, విని గ్రహించు నేర్పు మాత్రము కొంత పెరిగి, పిమ్మట వారముల తరబడి మెట్టవలె చదునుగా నిలిచెననియు వారు కనుగొనిరి. ఉద్యోగమునకు వలసిన వేగమునకు కొంచెము దిగువనే అది నిలుచుటచే పలువురు అధైర్యపడిరి. తొలుత చెవి ఒక్కొక్క అక్షరమునే వినును. పిదప మాటను ఒక్కటిగా వినును. ఆపైన పదముల గుంపునే పట్టుకొనును. అంకె కదలని కాలమున లోపల అక్షరములు మాటలుగా కూడుచున్నవని వారి అభిప్రాయము. ఇట్టి మెట్ట అందరికిని తప్పదని మాత్రము చెప్పరాదు. తరువాతి పరిశోధకులు అది కనబడని వారిని కూడ చూపిరి. చేసిన పనినే చేయుచు కూర్చున్నచో అది తనంతట దాటిపోవుననుటయు సరికాదు.

ఒకనాడు గురువు బంతిని చూచుట మాని ఆమె పాదములను చూచెను. “అమ్మాయీ, నీవు చేతితో మాత్రమే ఆడుచున్నావు. నీ కుడికాలు నిద్రపోవుచున్నది” అనెను. ఒంటి బరువు కుడికాలిపై నిలిపి, నడుము త్రిప్పి, ఆ త్రిప్పుతో చేయి కదలవలెను. బంతి తగులువరకు ముంజేయి వదులుగా నుండవలెను. మూడు దినములు బంతి లేకయే ఆడించెను. నాలుగవనాడు బంతి వేయగా, ఇరువదింట నాలుగు పడినవి.

పదకొండు పడు చేతిని విడిచి నాలుగు పడు చేతిని పట్టుకొనుటకు పెద్దవారికైనను గుండె చాలదు. “మాస్టారూ, పాతవిధముగానే ఆడెదను. పోటీలు దగ్గరపడినవి” అని ఆమె బ్రతిమాలెను. గురువు కోపింపలేదు, ఆచంట శరత్ కమల్ మాట చెప్పెను. చెన్నైలో పెరిగిన ఆ తెలుగువాడు 2006లో మెల్బోర్న్ కామన్వెల్తు క్రీడలలో సింగిల్స్ స్వర్ణము గెలిచెను. 2010, 2014, 2018 క్రీడలలో ఆ స్వర్ణము మరల దొరకలేదు. నలువదియేండ్ల వయసున, 2022లో బర్మింగ్‌హామ్‌లో దొరకెను. హైదరాబాదు యువతి ఆకుల శ్రీజతో కూడి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణమును అచ్చటనే గెలిచెను. బాలిక వినెను గాని, పదునారేండ్ల సంగతి ఆమెకు ఊరట కాలేదు. ఆమెకు దసరా రెండు నెలలలోనే యున్నది!

వరలక్ష్మీ వ్రతమునకు ఆమె ఊరికి పోయెను. కాలువ నీరు వచ్చి నాట్లు అయి వారము గడచినది. తాతతో గట్టుపై నడచుచు చూడగా, నారుమడిలో పచ్చగా నిగనిగలాడిన మొక్కలు పొలమున పసుపువారి తలలు వాల్చియుండెను.

“తాతయ్యా, చేను చచ్చినదా?”

“చావలేదు తల్లీ. నారు పీకినప్పుడు వేళ్లు తెగినవి. క్రొత్తవేరు పోసికొనువరకు ఆకు ఎదుగదు. మూన తిరుగనిమ్ము, చూతువు గాని.”

“అందాక ఏమి చేయవలెను?”

“పలుచగా నీరు నిలుపవలెను. తొందరపడి నిండ నీరు పెట్టినచో కుళ్లును.”

తాతకు టేబుల్ టెన్నిస్ అననేమో తెలియదు. ఆమెయు చెప్పలేదు. చాలసేపు వంగి మొక్కల మొదళ్లనే చూచెను.

నగరమునకు వచ్చిన పిమ్మట నూరు బంతులకు మారుగా నలువదే వేయుమని ఆమె గురువును కోరెను. ప్రతి బంతికిని ముందు కుడికాలిని తలచుకొనెడిది. నోటుపుస్తకమును మేనత్తకు ఇచ్చి దాచుమనెను. భాద్రపదమున ఒక సాయంకాలము బంతులు వేయుచున్న గురువు తటాలున ఆగెను. దెబ్బ చప్పుడు మారినది. పూర్వపు ‘టప్పు’మను మోత పోయి, గుడ్డ చినిగినట్టి మెత్తని సవ్వడి వచ్చుచున్నది. ఆయన పైకి చెప్పక లెక్కించెను: పదునాలుగు. మరునాడు తొమ్మిది. ఆ మరునాడు పదునైదు.

దసరా పోటీలలో ఆమె మొదటి ఆట గెలిచి, రెండవ ఆటలో ఓడెను. ఓడిన ఆటలోనే ఆ దెబ్బ ఏడుమారులు చక్కగా పడినది. తండ్రి వెనుక వరుసలో కూర్చుండి చూచెను. బస్సు బందరు కాలువ వెంట పోవుచుండగా ఆయన చాలసేపు మాటాడలేదు. కంకిపాడు దాటిన పిమ్మట, “సెలవులు కాగానే మాస్టారు ఎన్నిగంటలకు రమ్మనిరి?” అని అడిగెను.