కుదురు బతికే ఉంటుంది

పేనుకొరుకుడుతో వచ్చేవాళ్లలో చాలామంది ముందే గురివింద గింజలు అరగదీసి రాసుకుని ఉంటారు. గడ్డంలో రూపాయి బిళ్లంత మచ్చతో వచ్చిన ఒక కుర్రాడికి ఆ పూతతో చర్మం బొబ్బలెక్కింది. అంత చిన్న మచ్చ చాలాసార్లు దానంతటదే పూడుతుంది. లేదంటే మచ్చలోకి స్టెరాయిడ్ సూదిమందు ఇస్తాం. అతనికి అదే సరిపోయింది.

ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి సంగతి వేరు. తల మీదే కాదు, కనుబొమలకూ రెప్పలకూ కూడా వెంట్రుక లేదు. "పెళ్లినాటికి వస్తాయా డాక్టర్ గారూ?" అంది వాళ్లమ్మ. "అసలు నాకేం జరుగుతోంది?" అంది అమ్మాయి.

ముందు అమ్మాయికే జవాబు చెప్పాను. మామూలుగా వెంట్రుక కుదురు రోగనిరోధక కణాల కంటపడదు. ఆ మరుగు తొలగితే సీడీ8 టీ కణాలు చుట్టుముట్టి ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతాయి. దాంతో కుదురు కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 విడుదల చేస్తాయి. అది టీ కణాలను ఇంకా ఉసిగొల్పుతుంది. ఈ రెండు సంకేతాలూ కణం లోపలికి చేరేది జాక్ ఎంజైముల ద్వారానే. ఆ దారి మూస్తే జుట్టు మళ్లీ మొలుస్తుందని 2014లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకల్లోనూ, కొద్దిమంది రోగుల్లోనూ చూపించారు. కుదురులోని మూలకణాలు చావవు కాబట్టే అది సాధ్యమైంది.

జాక్ ఎంజైములను అడ్డుకునే మందుల్లో, తీవ్రమైన పేనుకొరుకుడుకు 2022లో బారిసిటినిబ్‌ను, 2023లో 12 ఏళ్లు నిండినవారికి రిట్లెసిటినిబ్‌ను అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. పరీక్షల్లో రోజుకు 4 మిల్లీగ్రాముల బారిసిటినిబ్ వాడినవారిలో మూడోవంతుకు పైగా మందికి 36 వారాల్లో తల 80 శాతం జుట్టుతో నిండింది. మిగతావాళ్లకు అంత ఫలితం రాలేదు.

పైగా క్షయ క్రిమిని అణచి ఉంచడానికీ ఒంటికి ఇంటర్‌ఫెరాన్ గామాయే కావాలి. ఆ సంకేతాన్నే ఆపే ఈ మాత్రలను మన దేశంలో టీబీ పరీక్ష చేయించకుండా రాయకూడదు. ఆ అమ్మాయికి నిద్రాణంగా ఉన్న టీబీ బయటపడింది. ముందు దానికి మందులిచ్చి, తర్వాతే జాక్ మాత్ర మొదలుపెట్టాం. కొన్ని నెలలకు కనుబొమలు కనిపించాయి, తర్వాత తలంతా నూగు జుట్టు వచ్చింది.

అప్పుడు తల్లి ప్రశ్నకు జవాబిచ్చాను. ఈ మాత్ర సంకేతాన్ని ఆపుతుందే గానీ జబ్బును తుడిచెయ్యదు. మానేస్తే చాలామందికి జుట్టు మళ్లీ రాలుతుంది. గర్భం కోరుకునేటప్పుడు మానక తప్పదు. కాబట్టి పెళ్లినాటికి జుట్టు ఉన్నా, జబ్బు సంగతి పెళ్లికొడుక్కి ముందే చెప్పమన్నాను. తల్లి ఒప్పుకోలేదు. అమ్మాయి మాత్రం, "నేనే చెప్తాను" అంది.