ఆగమన్నవాళ్ళు

పక్కింటావిడని మేము ఖాలా అనేవాళ్ళం. కాబూల్ మనిషి. సోవియట్ సైన్యం దిగిన రోజుల్లో ఇల్లు వదిలి, పెషావర్‌లో ఏడేళ్ళు తలదాచుకుని, అక్కణ్ణుంచి కాలిఫోర్నియా చేరింది. ఆమెది పెషావర్‌లో నేర్చుకున్న ఉర్దూ, నాది మలక్‌పేటలో వింటూ పెరిగిన ఉర్దూ. ఆ రెండింటితో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ వైపు అఫ్గాన్ల దుకాణాలు, రొట్టెల బట్టీలు ఉండే చోటుని లిటిల్ కాబూల్ అంటారు. శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళ్ళొస్తూ బారెడు పొడుగు నాన్ రొట్టె ఒకటి మా గుమ్మంలో ఇచ్చి వెళ్ళేది.

2001 అక్టోబరు 7, ఆదివారం. ఆ రోజు ఖాలా చేతిలో కాలింగ్ కార్డు పట్టుకుని వచ్చింది. అమెరికా విమానాలు అఫ్గానిస్తాన్ మీద బాంబులు వేయడం ఆ రోజే మొదలైంది. వాళ్ళమ్మ కాబూల్‌లో ఉంది. పెషావర్‌లో ఉన్న తమ్ముడు చెబితే తప్ప ఆవిడ సంగతి తెలిసే దారి లేదు. ఖాలా కార్డులో డబ్బులైపోయాయి. నా కార్డు మీది అంకెలన్నీ నొక్కి ఫోను చేతికిచ్చాను. అరగంట సేపు ప్రయత్నించినా లైను కలవలేదు. చివరికి ఫోను పెట్టేసి అంది: "తాలిబాన్లు నా మరిదిని చంపారు బేటీ. వాళ్ళు పోవాలని నాకంటే ఎవరు ఎక్కువ కోరుకుంటారు? కానీ ఆ విమానాల కింద మా అమ్మ ఉంది."

అంతకు దాదాపు నాలుగు వారాల ముందు, సెప్టెంబరు 11 పొద్దున, మా టీవీ ముందు మేమిద్దరం పక్కపక్కనే కూచుని ఏడ్చాం. ఆ రోజు దాడుల్లో 2,977 మంది ప్రాణాలు పోయాయి. ఆమె దుఃఖం నా దుఃఖం కంటే తక్కువేమీ కాదు. అయినా వారం తిరక్కుండానే దుకాణంలో ఆమె తలగుడ్డ చూసి ఎవరో దేశం వదిలి పొమ్మన్నారు. మర్నాడు ఖాలా కొడుకు బాల్కనీకి అమెరికా జెండా కట్టాడు. మేమూ కట్టాం. ఆ పదిహేను రోజుల్లో మా అపార్ట్‌మెంట్లలో జెండా లేని ఇల్లు దాదాపు లేదు. కొందరు దుఃఖంతో కట్టారు, కొందరు భయంతో కట్టారు. మా జెండాలో రెండూ ఉన్నాయి.

ఆ భయం వట్టిది కాదు. సెప్టెంబరు 15న ఆరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధి అనే సిక్కు పెద్దమనిషిని, తన పెట్రోలు బంకు ముందే, తలపాగా చూసి కాల్చి చంపారు. ఆ ఏడాది దసరాకి తెలుగువాళ్ళం ఒకరింట్లో కలిసినప్పుడు నేను బాంబుల మాట ఎత్తితే, అందరూ అన్నయ్యా అని పిలిచే ఒకాయన ప్రేమగానే మందలించాడు. "వాళ్ళ దేశం, వాళ్ళ కోపం. మనకెందుకమ్మా? గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా నోరు కట్టుకుని ఉండడం మేలు." అప్పటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు రాలిపోతున్నాయి, మా ఆయన వీసా ఉంటుందో ఊడుతుందో తెలియదు. నేను నోరు కట్టుకున్నాను. భయపడిన వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆ భయానికి మేము విశ్వాసం అని పేరు పెట్టుకున్నాం. ఈ దేశానికి కృతజ్ఞత అంటే ప్రశ్న అడగకపోవడమేనని పిల్లలకి కూడా చెప్పాం. అది తప్పు.

ప్రశ్న అడిగిన మనిషి మాకు అరగంట దూరంలోనే ఉంది. అప్పట్లో ఓక్లాండ్, బర్క్లీల ప్రతినిధిగా ఉన్న బార్బరా లీ. సెప్టెంబరు 14న అధ్యక్షుడికి సైనిక బలం వాడే అధికారం ఇచ్చే తీర్మానం వచ్చింది. సెనేట్‌లో 98 మంది సరేనన్నారు, ఒక్కరూ కాదనలేదు. ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు. కాదన్న ఒక్క ఓటు ఆమెది.

దాడి చేసినవాళ్ళని పట్టుకోవద్దని ఆమె అనలేదు. ఆమె తండ్రి సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగిన మనిషి. ఆమె కార్యాలయంలో ముఖ్య ఉద్యోగి బంధువు ఒకామె యునైటెడ్ 93 విమానంలో సిబ్బందిగా పనిచేస్తూ చనిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోకి రావలసిన విమానం అది. చావు తన గుమ్మం దాకా వచ్చాకే ఆమె ఆ ఓటు వేసింది. ఆ పొద్దున వాషింగ్టన్‌లోని పెద్ద చర్చిలో సంతాప ప్రార్థన జరిగింది. మనం ఏ చెడుని అసహ్యించుకుంటున్నామో మనమే ఆ చెడుగా మారకుండా ఉండాలని అక్కడి మతగురువు ప్రార్థించాడు. ఆ మాట విన్నాకే మనసు కుదుటపడిందని ఆమె తర్వాత చెప్పింది.

ఆమెకి అభ్యంతరం అనిపించిన మాటలు ఆ తీర్మానంలో ఏమున్నాయో చూడండి. అసలు అధికారం ఇచ్చే వాక్యం ఇంగ్లీషులో 60 మాటలు. ఆ దాడులు చేసినవాళ్ళ మీద, సాయం చేసినవాళ్ళ మీద, ఆశ్రయం ఇచ్చినవాళ్ళ మీద బలం వాడవచ్చు. వాళ్ళెవరో అధ్యక్షుడే నిర్ణయిస్తాడు. ఏ దేశం పేరూ లేదు, ఎప్పటిదాకా అన్న గడువూ లేదు. పొలం కౌలుకిచ్చినా హద్దులు, గడువు రాసుకుంటాం. యుద్ధానికి మాత్రం ఆ రెండూ లేని కాగితం మీద సంతకం చేశారు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు అదే కాగితం చూపించి యెమెన్‌లో, సొమాలియాలో, సిరియాలో దాడులు చేశాయి. 2001లో ఆ పేరుతో లేనే లేని ఐసిస్ మీద యుద్ధానికీ అదే ఆధారం అన్నారు.

ఆ ఓటు తర్వాత చంపుతామని బెదిరింపులు వచ్చి, ఆమెకి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. బర్క్లీ నగర సభ అక్టోబరు 16న బాంబుదాడులు వీలైనంత త్వరగా ఆపమని 5-4 ఓట్లతో తీర్మానం చేస్తే, ఆ ఊరి దుకాణాల్లో ఏమీ కొనొద్దని పిలుపులొచ్చాయి. అయినా ఏడాది తిరిగి ఎన్నికలొచ్చినప్పుడు ఓటర్లు బార్బరా లీని 80 శాతానికి పైగా ఓట్లతో గెలిపించారు. ఆ ఫలితం చూసిన రోజు నాకు మొదటిసారి కాస్త ధైర్యం వచ్చింది.

అప్పటికే మాటలు ఇరాక్ వైపు తిరిగాయి. సెప్టెంబరు 11కీ ఇరాక్‌కీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. 2002 అక్టోబరులో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానం మీద ప్రతినిధుల సభలో కాదన్నవాళ్ళు 133 మంది. ఏడాదిలో ఒకటి 133 అయింది. గెలవడానికి అది చాలలేదు.

2003 ఫిబ్రవరి 15న లండన్, రోమ్, న్యూయార్క్‌లతో పాటు ప్రపంచమంతా జనం ఇరాక్ యుద్ధం వద్దంటూ వీధుల్లోకి వచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ రోజు చైనీయుల కొత్త సంవత్సరం ఊరేగింపు ఉండడంతో మా ప్రదర్శనని 16వ తేదీ ఆదివారానికి మార్చారు. ఖాలా, నేను ఫ్రీమాంట్ స్టేషన్లో బార్ట్ రైలెక్కాం. సగం దారికే నిలబడే చోటు లేదు. ఎంబార్కడెరోలో దిగి జనంతో పాటు మార్కెట్ స్ట్రీట్‌లో నడిచాం. చర్చి వాళ్ళు, కార్మిక సంఘాల వాళ్ళు, చంటిపిల్లల్ని భుజాన వేసుకున్న తండ్రులు, పాత సైనికులు. ఫొటోలో పడితే ఏమవుతుందోనని నేను నినాదం రాసిన అట్ట పట్టుకోలేదు, వట్టి చేతులతో నడిచాను. మోకాళ్ళ నొప్పితో ఖాలా ఆగిపోతే, సైనికుడి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన తన మడతకుర్చీ తెరిచి ఆమెని కూచోబెట్టాడు. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగాడు. కాబూల్ అని చెప్పింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. లక్షలమంది వచ్చారని అన్నారు. తర్వాత ఒక పత్రిక విమానం మీంచి తీసిన ఫొటోల్లో లెక్కించి 65,000 అని రాసింది. అంతమందిలో నేను ఒకతెనని తలుచుకుంటే ఇప్పటికీ తృప్తిగా ఉంటుంది.

నెల దాటి నాలుగు రోజులకి ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. అక్కడ ఉన్నాయన్న సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకలేదు. అమెరికా సైనికులే దాదాపు 4,500 మంది చనిపోయారు. ఇరాకీ పౌరులు లక్షకు పైనే.

అఫ్గానిస్తాన్ యుద్ధంలో ఏ మంచీ జరగలేదని మాత్రం నేను అనను. 2004లో ఖాలా కాబూల్ వెళ్ళి తల్లిని చూసొచ్చింది, మేనకోడళ్ళు బడికి వెళ్తున్న ఫొటోలు తెచ్చి చూపించింది. ఆ ఫొటోలు చూసి ఇద్దరం సంతోషపడ్డాం. ఇరవై ఏళ్ళ తర్వాత, 2021 ఆగస్టు 15న, తాలిబాన్లు మళ్ళీ కాబూల్‌లోకి వచ్చారు. ఆగస్టు 29న అమెరికా డ్రోను ఒక ఇంటి వాకిట్లో కారుని పేల్చింది. చనిపోయిన పదిమందిలో ఏడుగురు పిల్లలు. ఆ కారు నడిపిన మనిషి కాలిఫోర్నియాకే చెందిన ఒక సేవాసంస్థలో పనిచేసేవాడు. దాడి సరైనదేనని మొదట చెప్పిన సైన్యం, దాదాపు మూడు వారాలకి పొరపాటని ఒప్పుకుంది. ఖాలా మేనకోడళ్ళ కూతుళ్ళకి ఇప్పుడు ఆరో తరగతి తర్వాత బడి లేదు.

మనకెందుకన్న అన్నయ్యకి 2017 ఫిబ్రవరిలో నేనే ఫోన్ చేశాను. కాన్సస్‌లోని ఒలేథాలో మన హైదరాబాద్ కుర్రాడు శ్రీనివాస్ కూచిభొట్లని, నా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చి చంపిన రోజు అది. చంపినవాడు పక్క రాష్ట్రానికి పారిపోయి, ఇద్దరు ఇరానీయుల్ని కాల్చానని చెప్పుకున్నాడు. అన్నయ్య ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. శత్రువు ముఖం ఇలా ఉంటుందని పదహారేళ్ళుగా ఈ దేశానికి చెబుతూ వచ్చారు. ఆ ముఖానికీ మన ముఖానికీ ఉన్న తేడా తుపాకీ పట్టుకున్నవాడికి తెలియలేదు.

2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపినప్పుడు నాకు అవే రోజులు తిరిగొచ్చినట్టనిపించింది. చనిపోయినవాళ్ళలో విశాఖ, కావలి వాళ్ళు ఉన్నారు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో దుఃఖం సాయంత్రానికే కసిగా మారింది. పెళ్ళయిన వారానికే భర్తని పోగొట్టుకున్న హిమాన్షీ నర్వాల్, న్యాయం కావాలి, కానీ ముస్లింల మీద, కశ్మీరీల మీద పడకండి అని వేడుకుంటే, ఆ అమ్మాయిని సోషల్ మీడియాలో నానా మాటలూ అన్నారు. భర్త రక్తం కళ్ళారా చూసిన ఆ పిల్లకంటే ఎవరి కోపం పెద్దది?

చంపినవాళ్ళని పట్టుకోవాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ రేపు మీ గ్రూపులో, మీ ఇంట్లో ఎవరైనా ఒక్కరు "ఆగండి, ఎవరి మీద, ఎప్పటిదాకా?" అని అడిగితే వాళ్ళని బయటికి నెట్టకండి. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పండి.